గెలిచి తీస్కో అన్న మనిషి

షాపు షట్టరు ఎత్తుతుంటే ఫోన్‌లో ఫోటో వచ్చింది. పూలదండ, దాని కింద శ్రద్ధాంజలి. ఆ ఫోటోలో కూడా అదే చూపు, ఎదుటివాళ్ళ లెక్క తప్పని ముందే తెలిసిపోయినట్టు. గుండె ఆగిపోయిందట. అంత గట్టి గుండె ఎలా ఆగిందో మరి! షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చుండిపోయేను. ఏడుపు రాలేదు. "దొంగ సచ్చినోడా, నా బొమ్మ ఇవ్వకుండా పోనావేటి!" అని గట్టిగానే అన్నాను. పక్క మందుల షాపాయన తొంగి చూసి మళ్ళీ లోపలికి పోయేడు.

పేరు చెప్పను. కాశీబుగ్గలో సగంమంది ఆయనకి చుట్టాలు, మిగతా సగంమంది వాళ్ళ జీడి బట్టీల్లో పని చేసినవాళ్ళు. ఎవరో ఒకరు గొడవకొస్తారు. ఉద్దానంలో కొబ్బరితోట, నందిగాం వైపు పొలాలు, పలాసలో అన్నగారి ఫ్యాక్టరీ, ఇవన్నీ ఉన్న మనిషి. కొన్నాళ్ళు బెంగుళూరులో ఏదో కంపెనీలో చేసి తిరిగొచ్చేడు. వస్తూ వస్తూ ఈ ఆట పట్టుకొచ్చేడు. ఇంకేదైనా తెచ్చినా బాగుండేది.

నేను కాశీబుగ్గలో జాకెట్లు కుడతాను. ఆ షాపులోనే ఓ మూల మా తమ్ముడు సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. ఓ మధ్యాహ్నం కారు ఆగింది. దిగిన పెద్దమనిషి లోపలికొచ్చి, "టైలరమ్మా, ఇరిగిపోయిన గుండీలున్నాయేటి?" అన్నాడు. కారు దిగి వచ్చి ఇరిగిపోయిన గుండీలడిగే మనిషిని నేనదే చూడ్డం.

"ఏటి సేసుకుంటారు బాబూ?"

"డాళ్ళు."

"డాళ్ళా? ఎవలికి?"

"నా సైన్యానికి."

మిషను తొక్కడం ఆపేసి ఆయన మొహంలోకి చూసేను. పిచ్చోడేమో అనుకున్నాను. మూలన మా తమ్ముడు మాత్రం చేతిలో ఫోను కింద పెట్టేసి తలెత్తేడు. వాడు ఆ తర్వాత మళ్ళీ తల దించింది లేదు. గుండీలు ఊరికే తీసుకుని పోయేడు మహానుభావుడు, పోతూ పోతూ నా తమ్ముణ్ణి కూడా.

ఆట తెలియనివాళ్ళకి చెప్పాలి కదా. ఓ పెద్ద బల్ల. దాని మీద కొండలు, చెట్లు, కోటగోడలు. అటో సైన్యం, ఇటో సైన్యం. ఒక్కో బొమ్మ బొటనవేలంత ఉంటుంది. రాక్షసులు, మంత్రగాళ్ళు, రెక్కల పాములు, గోతుల్లోంచి లేచొచ్చిన శవాలు, ఎవరి బుర్రకి ఏది తోస్తే అది. టేపుతో కొలిచి బొమ్మని జరపాలి, పాచిక వేసి దెబ్బ కొట్టాలి, సేనాపతి పడిపోతే ఆట అయిపోయినట్టు. పై దేశాల్లో ఈ బొమ్మలు పెట్టెల్లో అమ్ముతారట. కొనాలంటే మనలాంటివాళ్ళ ప్రాణాలు పోతాయట. అందుకని చవకలో ఆడుకోవడం నేర్పిస్తానని ఈయన బయల్దేరేడు. ప్రతి ఆదివారం కొబ్బరితోటలో ఉన్న షెడ్డులో బడి.

కొత్తగా వచ్చినవాళ్ళని పచ్చిపిక్కలనేవాడు. జీడిపిక్క పచ్చిగా కొరికితే నోరంతా పొక్కిపోతుందని మా వైపు పసిపిల్లలక్కూడా తెలుసు. "మీరింకా పచ్చిపిక్కలు. మిమ్మల్ని ఎండబెట్టాల, ఏపాల, కొట్టాల. అప్పుడు గానీ పప్పు బైటికి రాదు" అని మొదటిరోజే మొహమ్మీద చెప్పేవాడు. నవ్వుతూ చెప్పేవాడా అంటే అదీ లేదు. ఆయన నవ్వు నోటికి రాదు, భుజాలే ఊగుతాయి. అదీ ఎవడైనా ఓడినప్పుడే.

కొత్తవాళ్ళు ముందుగా ఏదీ కొనకూడదు. సీసా మూతలే సైనికులు, మూత మీద పేరు రాసుకుని ఆడాలి. ఆట వచ్చేక అట్టముక్కలు. ఆ తర్వాత లోపల సన్న తీగ పెట్టి, పైన పైపులకి పూసే సీలు ముద్ద అద్ది మనిషిని చెయ్యాలి. గుండుసూది ఈటె. ఎండిపోయిన గోళ్ళరంగు సీసాలో రెండు చుక్కలు థిన్నరు పోస్తే రంగు. కొబ్బరిచిప్పలు బోర్లిస్తే కొండలు, పీచు గుచ్చితే చెట్లు. కోటగోడల కోసం భావనపాడు పోయి, చేపలవాళ్ళు పారేసిన థర్మోకోలు పెట్టెలు కారు డిక్కీలో వేసుకొచ్చేవాడు. కోట ముట్టడి వేసినప్పుడల్లా షెడ్డంతా ఎండుచేపల కంపు. "ఈయన కారెక్కితే పెళ్ళికెల్లినా సేపల బండి దిగినట్టే ఉంటాది" అని వాళ్ళావిడ టీ గ్లాసులు పెడుతూ సణుక్కునేది.

ఇదంతా వింటే మంచి మనిషిలాగే ఉంటాడు. అక్కడే మోసపోతారు. టెక్కలి నుంచి ఒకబ్బాయి జీతం దాచుకుని ఓ పెట్టె తెప్పించుకున్నాడు. ఎంతో సంబరంగా తెచ్చి బల్ల మీద పేర్చేడు. ఈయన ఒక్కోదాన్నీ ఎత్తి, బొటనవేలు నాలిక్కి రాసుకుని దాని దుమ్ము తుడిచి (ఛీ, అదేం అలవాటో), "బాగున్నాయి. నువ్వు సెయ్యనేదు కదా" అని కింద పెట్టేసేడు. ఆ అబ్బాయి మళ్ళీ ఆ తోటలో అడుగు పెట్టలేదు. డబ్బున్నోడు పేదరికం నేర్పిస్తే అలాగే ఉంటుంది. మేం లేక గుండీలు ఏరుకుంటే, ఆయన అదో గొప్ప కోసం ఏరుకున్నాడు.

అన్నిటికన్నా పెద్ద దరిద్రం ఇంకోటుంది. ఓడినవాళ్ళు ఒక బొమ్మ ఇచ్చేయాలి, అదీ గెలిచినవాడు కోరుకున్నది. ఈ రూలు ఏ దేశంలోదీ కాదు, ఈయన సొంత తయారీ. "ఓడినోడు ఇంటికెల్లి కొత్త బొమ్మ సేత్తాడు. సేతికి పని వత్తాది. గెలిచినోడికి సైన్యం పెరుగుతాది. ఎవలూ కొట్టుకి ఎల్లక్కర్నేదు" అనేవాడు. వినడానికి బానే ఉంటుంది. ఎప్పుడూ ఆయనే గెలుస్తాడు మరి! గెల్చుకున్న బొమ్మని చొక్కా జేబులో పెన్ను పక్కన పెట్టుకుని, సాయంత్రందాకా అలాగే తిరిగేవాడు.

మా తమ్ముడికి కిడ్నీలు పాడయ్యేయి. మా ఊళ్ళల్లో ఈ మాట చెప్తే ఎందుకు, ఎలాగ అని ఎవరూ అడగరు, ఏ ఆస్పత్రిలో రక్తం కడిగిస్తున్నారని అడుగుతారు. అమ్మ పోయేక వాణ్ణి పెంచింది నేనే. ఆ ఆటైనా ఉంటే వాడికి కాలక్షేపమని ఊరుకున్నాను. వేళ్ళు వాచిపోతున్నా బొమ్మలు చేసేవాడు. వాడు చేసిన ఆఖరి బొమ్మ నేనే. కొంగు నడుముకి దోపి, మెడలో టేపు, చేతిలో నా అంత ఎత్తున్న కత్తెర, నోరు తెరిచి ఎవరి మీదో అరుస్తున్నాను.

"ఇదేటిరా, నోరు ముయ్యొచ్చు కదా" అన్నాను.

"నోరు మూత్తే నువ్వని ఎవలికి తెలుత్తాది అప్పా?" అన్నాడు.

అచ్చం నేనే. మా అమ్మ కూడా నన్నంత సరిగ్గా చూసి ఉండదు.

ఆదివారం దాన్ని సేనాపతిగా పెట్టి ఆడటానికి పోయేడు. సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడి, "అప్పా, నిన్ను ఓడిపోనాను" అన్నాడు. జూదంలో ఇంటి ఆడదాన్ని ఒడ్డడం మన దేశంలో కొత్తేం కాదు. కానీ నాకప్పుడు కథలు గుర్తు రాలేదు, కాలి చెప్పు గుర్తొచ్చింది. వాడి మొహం చూసి ఊరుకున్నాను. "వచ్చీ ఆదివారం గెలిచి తెచ్చీత్తాను కదా" అన్నాడు. వచ్చే ఆదివారానికి వాడు మంచం దిగలేదు. ఆ పై వారానికి వాడు లేడు.

దినం నాడు ఈయన వచ్చేడు. బంతిలో కూర్చుని భోంచేసేడు, మజ్జిగ బాగుందన్నాడు. చెయ్యి కడుక్కుని నా దగ్గరకొచ్చి ఓ మంచి మాటంటాడేమో అని చూస్తే, "ఆడి సైన్యం ఎవలికిత్తావు టైలరమ్మా? అలమార్లో పడీసి ఉంచితే సీలు ముద్ద పగిలిపోతాది" అన్నాడు.

"ఆ సంగతి సరే. నా బొమ్మ నాకిచ్చీండి" అన్నాను.

"అది నా సైన్యంలోది."

"నా తమ్ముడు సేసినాడు!"

"సేసినాడు. ఓడినాడు. కావాలంటే గెలిచి తీస్కో."

పక్కనే ఉన్న మా తమ్ముడి స్నేహితుడికి కూడా సిగ్గేసింది. "పాపం, ఇచ్చీ మావా" అన్నాడు.

"పాపమని ఇత్తే అది బొమ్మ కాదురా, ముష్టి. ఆడి సేతి పనిని నాను ముష్టెయ్యను" అన్నాడు పెద్దమనిషి.

నా చేతిలో మజ్జిగ గ్లాసుంది. దాన్ని ఆయన చొక్కా మీద పోసేను. దినం నాడు, అందరి ఎదురుగా. ఆయన తువ్వాలు తీసి తాపీగా తుడుచుకుని, "ఆదివారం పదింటికి" అని కారెక్కి పోయేడు.

వెళ్ళేను. వెళ్ళక ఏం చేస్తాను, నా తమ్ముడి చేతుల్లోంచి వచ్చిన ఆఖరిది ఆయన దగ్గరుంది. తమ్ముడి సైన్యాన్ని స్వీట్ల డబ్బాలో సర్దుకుని ఆటోలో పోయేను. తమ్ముడి సైన్యం ఉన్నా నేనూ సీసా మూతల దగ్గర్నుంచే మొదలెట్టాలన్నాడు. నలభై ఏళ్ళకి దగ్గర పడ్డ ఆడదాన్ని, సోడా మూతలు జరుపుకుంటూ కూర్చున్నాను. టేపు పెట్టే ముందు ప్రతిసారీ "సూసుకో" అనేవాడు. ఎప్పుడూ అదే మాట. నేనేదో గుడ్డిదాన్నైనట్టు.

బొమ్మలతో ఆడేదాకా వచ్చేక నాకు అసలు మంట మొదలైంది. ఆయన నా బొమ్మనే తన సేనాపతిగా పెట్టేడు. నా మీదకి నన్నే తోలేడు! కత్తెర పట్టుకుని నోరు తెరిచి అరుస్తూ నేనే నా తమ్ముడి సైన్యాన్ని నరుక్కుంటూ వచ్చేదాన్ని. ఓడిపోయి తలెత్తితే ఆయన భుజాలు ఊగుతూ ఉండేవి. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆయన్నీ, ఆయన ఏడు తరాలనీ తిట్టుకుంటూ వచ్చేదాన్ని. ఆటోవాడికి ఆయనెవరో తెలీకపోయినా ఆయన మీద కోపమొచ్చేసింది.

ఆయన కొలతల్లో దొంగతనం చేస్తున్నాడని నా అనుమానం. అందుకని ఓ ఆదివారం నా సొంత టేపు పట్టుకెళ్ళేను, ఇన్నేళ్ళుగా జాకెట్లు కొలిచే గుడ్డ టేపు. దాంతోనే కొలిచి నా దండుని జరిపేను. ఆయన వంగి చూసి, తన స్టీలు టేపు తీసి నా టేపు పక్కన పరిచేడు. నాది సాగిపోయి ఉంది. అడుగుకి పావంగుళం తేడా.

"టైలరమ్మా, దొంగకొలత నీదే. జాకెట్లు ఒదులైనాయని ఎనక్కి వత్తన్నాయేటి?" అన్నాడు. షెడ్డంతా ఒకటే నవ్వు.

"కొలిసీదీ ఆ టేపే, కోసీదీ ఆ టేపే. జాకెట్లకి తేడా రాదు!" అని అరిచేను. నేనన్నది నిజమే, ఏ టైలరునైనా అడగండి. కానీ ఆట పోయింది. ఆ రోజు నుంచి ఆ స్టీలు టేపే నాకూ గతయింది.

ఓడిన ప్రతిసారీ ఆయన నేను చేసిన వంకర బొమ్మల్నే ఎంచుకునేవాడు. తమ్ముడివి ముట్టుకోలేదు. జాలి అనుకునేరు! నావన్నీ అద్దాల బీరువాలో ఓ అరలో వరసగా పెట్టి, కొత్తవాళ్ళు రాగానే చూపించి, "సూడండి, ఇలగ సెయ్యకూడదు" అని పాఠం చెప్పేవాడు. నా పేరు కూడా చెప్పేవాడు. అలాంటి మనిషికి దండ వేసి ఫోటో పెట్టేరు.

ఆ కసితోనే ఆయన్నే బొమ్మ చేసేను. బొజ్జ, జేబులో పెన్ను, తల మీద రెండు కొమ్ములు, తడి బొటనవేలు. నేను చేసినవాటిలో సరిగ్గా కుదిరింది అదొక్కటే. దాన్నే సేనాపతిని చేసి ఓ ఆదివారం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టేను. ఆయన చాలాసేపు చూసేడు. ఎవరిదని అడగలేదు. "ముక్కు పెద్దదైపోనాది" అని మాత్రం అన్నాడు.

ఆ రోజు నేను గెలుస్తున్నాను. ఒట్టు, నిజంగా గెలుస్తున్నాను! ఆయన దండు చెల్లాచెదురైపోయింది. మిగిలింది నా బొమ్మ, చుట్టూ నావాళ్ళు. కొమ్ములాయన ఎదురుగా కత్తెర పట్టుకుని నేను. ఆయన వంతు. ఆయనకి ఒక్క దెబ్బ మిగిలింది, అది తప్పితే తర్వాతి వంతులో ఆట నాది.

అప్పుడు ఆయన పాచిక పక్కన పెట్టి గుండె రుద్దుకున్నాడు. "గ్యాసు పట్టీసింది. వచ్చీ ఆదివారం కానిద్దాం" అన్నాడు.

"గ్యాసా, బయమా?" అన్నాను. మామూలుగా అనలేదు, తోటంతా వినబడేలా అన్నాను. ఓడిపోతానని తెలిసి కడుపుబ్బరం తెచ్చుకున్నాడనే అనుకున్నాను. ఆయన భుజం మీద తువ్వాలు తీసి బల్ల మీద కప్పి, "ఒక్కటి కదిపినా నాకు తెలుత్తాది" అని లోపలికి పోయేడు. అదే ఆఖరు చూడ్డం.

పదకొండో రోజు దాటేక వాళ్ళావిడ ఫోను చేసింది. "ఆ షెడ్డు కాళీ సేయించీత్తన్నారు మా బావగారు. నీదేదో ఉందంట కదమ్మా, వచ్చి తీస్కెల్లిపో" అంది.

వెళ్ళేను. షెడ్డులో ఆవిడొక్కతే ఉంది. బల్ల మీద తువ్వాలు అలాగే ఉంది. ఆవిడే తీసింది. ఎక్కడి బొమ్మలు అక్కడే ఉన్నాయి. నా బొమ్మ నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

"అదేనా? తీస్కో తల్లీ. ఎవలడుగుతారు?" అంది ఆవిడ.

చెయ్యి చాపేను. దాని తల మీద వేలు పెట్టేను కూడా. తియ్యలేకపోయేను. ఆయన బతికుంటే మెడ మీద కాలేసైనా లాక్కునేదాన్ని. ఇప్పుడు ఊరికే చేతిలో పెడుతుంటే, దినం నాడు ఆయనన్న ఆ మాట చెవిలో గింగురుమంది. ఎంత కోపమొచ్చిందంటే, పోయి కూడా నన్ను తీసుకోనివ్వడం లేదు ఆ మనిషి! నా తమ్ముడి బొమ్మని నేను ముష్టి ఎత్తుకోవాలా?

"మీరు కూకోండమ్మా. ఆయన వంతుంది. మీరే ఎయ్యండి" అన్నాను.

"నాకేటొచ్చు? ఇన్నాళ్ళూ టీలు మోసీదాన్ని."

"పాచిక ఎయ్యడమే. ఐదు గానీ ఆరు గానీ పడితే మీరు గెలిసినట్టు, బొమ్మ మీదే. తక్కువ పడితే నాది."

తిరగేసి చెప్పినా ఆవిడకి తెలిసేది కాదు. చెప్పబుద్ధి కాలేదు. ఆవిడ ఆయన కుర్చీలో అంచు మీద కూర్చుని, పాచికని పసుపూ కుంకుమా పట్టుకున్నట్టు పట్టుకుని వేసింది.

ఆరు పడింది.

"ఏటైనాది? మంచిదేనా?" అంది.

"మంచిదేనమ్మా. మీరు గెలిసీసినారు."

ఆవిడ బల్ల మీద వంగి ఒక్కో బొమ్మనీ చూస్తోంది. "ఓడినోలు ఒకటి ఇచ్చీయాల కదేటి? ఎప్పుడూ ఇనీదాన్ని" అని, చెయ్యి చాపి కొమ్ములాయన్ని ఎత్తింది. దగ్గరగా పెట్టుకుని చూసింది. బొజ్జ చూసింది, పెన్ను చూసింది, బొటనవేలు చూసింది.

"ఇది మా ఆయన కదూ" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అవునన్నాను. ఆవిడ ఆ బొమ్మని కొంగుతో తుడిచి చెంగుకి ముడేసుకుంది. నా బొమ్మని మాత్రం బల్ల మీదే ఉంచి, "ఇది ఇక్కడే ఉంటాది. షెడ్డు నాను తియ్యనివ్వను. ఆదివారం వచ్చి ఆడు. నాకు ఆట సరిగ్గా సెప్పు" అంది.

అప్పుడొచ్చింది ఏడుపు. తమ్ముడు పోయినప్పుడు కూడా అంత రాలేదు. ఏడుస్తూనే ఆయన్ని తిట్టడం మొదలెట్టేను, కట్టుకున్నదాని ఎదురుగా, పదకొండు దాటని... దాటి రెండ్రోజులు కాని మనిషిని. పిసినిగొట్టు ముండాకొడకన్నాను, రాతి గుండె అన్నాను, చచ్చి కూడా నా బొమ్మ వదల్లేదన్నాను. తర్వాత నాకే భయమేసి నోరు మూసుకున్నాను.

"ఆపీసేవేటి? తిట్టు తల్లీ" అంది ఆవిడ. ఆవిడ కళ్ళమ్మట కూడా నీళ్ళు కారుతున్నాయి. "ఇన్ని రోజుల్నుంచీ ఈ ఇంట్లో ఒక్కలూ ఆయన్ని తిట్టనేదు. వచ్చినోలందరూ దేవుడు, దేవుడంటన్నారు. ఆ దేవుడెవడో నానెరగను. నువ్వు తిడతంటే మా ఆయన ఈ గదిలోనే ఉన్నట్టున్నాడు."

ముక్కు తుడుచుకుని మళ్ళీ అందుకున్నాను. నాకు తెలిసినవన్నీ అయిపోయేక, నేనెప్పుడూ వినని తిట్లు రెండు ఆవిడే అందించింది.